ముందు ఆ గదిలోంచి ఏదీ బయటికి పంపకు

చిరంజీవి బుజ్జికి,

అత్తయ్య ఆశీస్సులు.

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. బ్యాంకు కోచింగ్ మానేశావట. కట్టిన ఫీజు తిరిగి రాదట. మీ కాలేజీలో ఏళ్ళ తరబడి తాళం పడి ఉన్న జువాలజీ మ్యూజియం మళ్ళీ తెరుస్తుంటే, దాన్ని చూసుకునే కాంట్రాక్టు ఉద్యోగానికి సరేనన్నావట. "బీకాం చదివిన పిల్లకి పాముల సీసాలతో ఏం పని వదినా, నువ్వైనా చెప్పు" అంది. చెబుతాలే అన్నాను. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. సగం టెన్షన్. మిగతా సగం ఏమిటో మీ అమ్మకు చెప్పకు: మన ఇంట్లోంచి ఇంకో ఆడపిల్ల ఆ వాసనలోకి అడుగుపెడుతోందని తెగ సంబరపడ్డాను.

మీ నాన్నతో వాదిస్తూ మార్జరీ కోర్ట్నీ-లాటిమర్ పేరు చెప్పావట. "డిగ్రీ లేకుండానే ఆవిడ ఈస్ట్ లండన్‌లో మ్యూజియం నడిపింది, ఒక చేపకి ఆవిడ పేరే పెట్టారు" అన్నావట. మీ నాన్న ఈస్ట్ లండన్ అంటే ఇంగ్లండనుకుని, "అక్కడి సౌకర్యాలు వేరు" అన్నాడట. వాడికి చెప్పు, అది దక్షిణాఫ్రికా తీరంలో ఒక రేవు పట్నం. ఆ మ్యూజియంలో చేపను దాచడానికి సరైన తొట్టి కూడా లేదు. నీకు చెప్పాల్సింది వేరే ఉంది. నువ్వు చెప్పింది ఆవిడ కథలో సగం. వీడియోల్లో వచ్చేది ఆ సగమే. మిగతా సగం తెలియకుండా ఆ గది తాళం తియ్యకు.

మొదట చిన్న చిన్నవి చెప్పేస్తాను. చేతికి గ్లవ్స్ లేకుండా పాత తోళ్ళనూ, గడ్డి కూరిన పక్షులనూ ముట్టుకోకు; వెనకటి రోజుల్లో పురుగు పట్టకుండా వాటికి ఆర్సెనిక్ కలిపిన సబ్బు పూసేవారు, అది ఇప్పటికీ అలాగే ఉంటుంది. లేబుల్ మీద బాల్‌పెన్ వాడకు, పెన్సిల్ వాడు. పెన్సిల్ గీత స్పిరిట్‌లో ఏళ్ళు గడిచినా కరగదు. లేబుల్ సీసా పైన అంటించి ఊరుకోకు, లోపల కూడా ఒకటి వెయ్యి. కలరా ఉండలు బీరువాలో పడేసి పురుగు పోయిందనుకోకు. పక్షి కింద సన్నటి పొడి, ఖాళీ పొట్టుల్లాంటివి కనిపిస్తే బొచ్చుపురుగు లోపల తింటోందని అర్థం. దాన్ని పాలిథిన్ కవరులో గాలి చొరకుండా చుట్టి డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచు. తాళం చెవులు రెండు జతలు చేయించు. ఇవన్నీ నీకెవరైనా చెబుతారు.

జీవాలు కుళ్ళకుండా సీసాల్లో పోసే ఫార్మలిన్ సంగతి మాత్రం నేనే చెప్పాలి.

నేను ఆ ఉద్యోగంలోకి ఎలా వచ్చానో నీకు తెలుసు. మీ మావయ్య జువాలజీ ల్యాబ్‌లో పనిచేస్తూ పోయారు, కారుణ్య నియామకం కింద నాకు మ్యూజియం కీపర్ ఉద్యోగం ఇచ్చారు. నేను చదివింది చరిత్ర. తేలుకూ ఎండ్రకాయకూ తేడా అడిగితే కుట్టేది, కరిచేది అని చెప్పే స్థితి. మొదటి రోజు బీరువా తలుపు తీయగానే కళ్ళలోంచి ధారలు కారిపోయాయి. అక్కడున్నవాళ్ళు "ఫార్మలిన్ అమ్మా, మొదట్లో అందరికీ ఇంతే" అన్నారు. అవును ఫార్మలినే అన్నాను. ఆ తర్వాత చాలాకాలం, ఏడుపొచ్చినప్పుడల్లా వెళ్ళి ఆ బీరువా తీసేదాన్ని. ఎవరూ ఏమీ అడిగేవారు కాదు.

మా రోజుల్లో ఆ వాసనను ఎవరూ పట్టించుకోలేదు. గంటల తరబడి దాంట్లోనే టీ తాగేవాళ్ళం. ఫార్మలిన్‌లో ఉండే ఫార్మల్డిహైడ్ మనిషిలో క్యాన్సర్ కలిగించేదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చి చెప్పింది. మీ మావయ్య జబ్బుకూ దీనికీ సంబంధం ఉందో లేదో ఏ డాక్టరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. కానీ నా భయం నాది. కిటికీలు తెరవకుండా, ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరగకుండా సీసా మూత తీశావని తెలిస్తే బస్సెక్కి వచ్చి మరీ తిడతాను. మామూలు గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు. ఫార్మలిన్ ఆవిరికి వాడే ఫిల్టర్ ఉన్న మాస్కే కావాలి. కాలేజీ కొనివ్వకపోతే నేను కొనిస్తాను. ఆరు దాటాక ఆ గదిలో ఒక్కదానివే ఉండకు. కళ్ళు తిరిగి పడితే చూసేవాళ్ళుండరు.

ఇంకో భయం నిప్పు. చాలా సీసాల్లో ఉండేది ఆల్కహాలు. ఢిల్లీలో 1978లో తెరిచిన జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం 2016 ఏప్రిల్ 26 తెల్లవారేసరికి కాలిపోయింది. టీవీలో ఆ బిల్డింగు చూస్తూ అన్నం ముందు అలాగే కూర్చుండిపోయాను. మీ గదిలో వైరింగ్ ఎప్పటిదో ముందు అడుగు. ఎలక్ట్రీషియన్ చూసి వెళ్ళాకే లైటు వెయ్యి.

ఇక మార్జరీ.

ఆవిడ 1907లో నెలలు నిండకుండా పుట్టింది. చిన్నతనమంతా ఏదో ఒక అనారోగ్యం. తండ్రిది రైల్వేలో స్టేషన్ మాస్టరు ఉద్యోగం. పిట్టలన్నా పూలన్నా గవ్వలన్నా ఆ పిల్లకు ప్రాణం. పెద్దయ్యాక నర్సు ట్రైనింగ్‌కు వెళ్ళబోతుంటే, ఈస్ట్ లండన్‌లో కొత్తగా తెరుస్తున్న చిన్న మ్యూజియానికి మనిషి కావాలన్నారు. 1931లో చేరింది. అప్పటికి 24 ఏళ్ళు. జువాలజీ డిగ్రీ లేదు, మ్యూజియం పనిలో శిక్షణా లేదు. నీలాగే.

చేరేసరికి అక్కడున్నవి పురుగు పట్టిన కొద్దిపాటి పక్షులు, సీసాలో ఒక ఆరు కాళ్ళ పందిపిల్ల, గోడకు తగిలించే కొన్ని పటాలు, ఇంకాస్త చెత్తాచెదారం. ఆవిడ చాలావాటిని వదిలించుకుంది. తర్వాత తన ఇంటి నుంచే సరుకు మోసుకొచ్చింది: తను ఏరిన గవ్వలు, పక్షి గుడ్లు, వాళ్ళమ్మ సేకరించిన పూసల అల్లికలు, వాళ్ళ వంశంలో ఒక పెద్దావిడ దాచుకున్న, డోడో పక్షిదని చెప్పుకునే గుడ్డు. బర్డ్ ఐలాండ్ అనే దీవికి వెళ్ళి అక్కడే ఉండి పక్షులనూ, సముద్రంలో దొరికేవాటినీ పోగుచేసింది. రాళ్ళలోంచి పాత జంతువుల ఎముకలు తవ్వించింది. ఊళ్ళో పడవలవాళ్ళతో స్నేహం చేసుకుని, వలలో వింతగా ఏది పడినా పక్కన పెట్టి కబురు చెయ్యమంది. ఈ చివరి పని మీద కాస్త మనసు పెట్టు. తర్వాత జరిగినదంతా దాని చలవే.

పాత సరుకు వదిలించుకోవడాన్ని అందరూ మెచ్చుకుంటూ చెబుతారు, కొత్త చీపురు బాగా ఊడ్చిందన్నట్టు. నాకు మాత్రం ఆ ముక్క దగ్గర ఒళ్ళు మండుతుంది. పురుగు పట్టిన పక్షి పక్కవాటికి అంటిస్తుంది నిజమే, తీసెయ్యాల్సిందే. కానీ చేరిన కొత్తలో మనకు ఏది చెత్తో తెలియదు కదా! ఆవిడకు చిన్నప్పటి నుంచీ పిట్టల పిచ్చి, కొంతైనా తెలుసు. నీకు ఇంకా అదీ లేదు. మొదటి ఏడాది ఆ గదిలోంచి ఏదీ బయటికి పోకూడదు. పగిలిన సీసా అయినా సరే, లోపలిది ఇంకో సీసాలోకి మార్చు, పెంకు మీద ఏమైనా రాసి ఉందేమో చూసి, అప్పుడు పారెయ్.

ఒక కాలేజీ సంగతి చెబుతా, పేరు వద్దు. కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందం వస్తోందని మ్యూజియంలో సీసాలన్నీ కడిగించారు. అద్దంలా మెరిసిపోయేలా కడిగారు. లేబుళ్ళతో సహా కడిగారు. పాత రిజిస్టరు చూస్తే చెదలు తినేసింది. రాత్రికి రాత్రి కంప్యూటర్‌లో కొత్త లేబుళ్ళు ప్రింటు తీసి, పుస్తకంలో బొమ్మకు ఏది దగ్గరగా ఉంటే ఆ పేరు అంటించారు. వచ్చినవాళ్ళు బాగుందన్నారు. ఇప్పుడు అక్కడ ప్రతి సీసాకూ పేరుంది, ఏ పేరునూ నమ్మలేం. పేరు పోయినా పెద్ద బాధ లేదే, చేపను చూసి పేరు చెప్పేవాళ్ళు ఎప్పుడైనా దొరుకుతారు. అది ఏ ఊళ్ళో, ఏ చెరువులో, ఏ తేదీన దొరికిందో చేప మొహం చూసి ఎవరూ చెప్పలేరు. ఆ చెరువు ఇప్పుడు అపార్ట్‌మెంట్లు అయిపోయుంటే, అక్కడ ఆ చేప ఒకప్పుడు ఉండేదని చెప్పడానికి మిగిలిన సాక్ష్యం ఆ చీటీ ఒక్కటే.

సరే, ఆ చేప దగ్గరికి వస్తాను. నువ్వు వీడియోలో చూసిందే మళ్ళీ చెబుతున్నానని విసుక్కోకు.

1938 డిసెంబరు 22. ఇంకో మూడు రోజుల్లో క్రిస్మస్. నెరీన్ అనే ట్రాలర్ రేవుకొచ్చిందని ఫోను. కెప్టెన్ హెండ్రిక్ గూసెన్ ఆవిడ కోసం చేపలు పక్కన పెట్టించాడు. ఆవిడకు వేరే పనులున్నాయి, అయినా పడవవాళ్ళకు పండగ శుభాకాంక్షలైనా చెప్పి వద్దామని వెళ్ళింది. సొరచేపల కుప్ప కింద నీలి రంగు రెక్క ఒకటి బయటికి కనిపించింది. పైవి తొలగించి జిగురు తుడిస్తే ఐదడుగుల చేప. నీలం మీద తెల్లటి మచ్చలు, గట్టి పొలుసులు, కాళ్ళలా కండ పట్టిన రెక్కలు, వెనక కుక్కపిల్ల తోకలాంటి తోక. బరువు 57 కిలోలు. తీరంలో చలుమ్నా నది సముద్రంలో కలిసే చోటుకు దగ్గర్లో వలలో పడింది.

అది ఏమిటో ఆవిడకు తెలియదు. తెలియదన్న సంగతి ఆవిడకు తెలుసు. ఆ రోజు ఆవిడ చేతిలో ఉన్న విద్య అదొక్కటే, అనుకో.

టాక్సీవాడు కంపు కొట్టే చేపను ఎక్కించుకోనన్నాడు. బతిమాలి, దబాయించి ఎక్కించింది. మ్యూజియం బోర్డు చైర్మన్ చూసి ఇది మామూలు బండరాళ్ళ దగ్గర తిరిగే చేపే అని తీసిపారేశాడు. వేసవి అక్కడ. దక్షిణార్ధగోళం కదా, డిసెంబరంటే ఎండలు. చేపను చల్లగా ఉంచడానికి శవాల గదివాళ్ళను అడిగింది, వద్దన్నారు. కోల్డ్ స్టోరేజీవాళ్ళూ వద్దన్నారు. తోపుడు బండి మీద అంత చేపను పెట్టుకుని ఊరంతా తిరిగింది. చివరికి జంతువుల తోళ్ళకు రూపం పోసే రాబర్ట్ సెంటర్ దగ్గరికి చేర్చి, దొరికిన కొంచెం ఫార్మలిన్‌లో పాత పేపర్లు తడిపి చేపకు చుట్టి, పైన దుప్పటి కప్పారు.

మరునాడు, 23న, చేపల సంగతి తెలిసిన జె.ఎల్.బి. స్మిత్‌కు ఉత్తరం రాసింది. గ్రాహమ్స్‌టౌన్‌లో రోడ్స్ యూనివర్సిటీ కాలేజీలో ఉండేవాడు. కొలతలు రాసింది, చేప బొమ్మ గీసి పక్కన వివరాలు పెట్టింది. ఆ బొమ్మ నువ్వు చూసే ఉంటావు, చిన్నపిల్లలు గీసినట్టుంటుంది. కానీ రెక్కలు ఎన్ని ఉన్నాయో, ఎక్కడున్నాయో, తోక ఎలా ఉందో అన్నీ ఉన్నాయి. చూసింది చూసినట్టు గీసింది.

స్మిత్ సెలవులకు నైస్నా వెళ్ళాడు. పోస్టు పండగ రద్దీలో నడిచింది. ఇక్కడ రోజులు గడుస్తున్నాయి, జవాబు లేదు. పైన చుట్టిన ఫార్మలిన్ లోపలికి ఇంకలేదు, చేప లోపల కుళ్ళడం మొదలైంది. 27వ తేదీకి ఇక లాభం లేదనుకున్నారు. చేపను కోసి తోలు, తల, మిగలదగ్గ ఎముకలు ఉంచి, లోపలివన్నీ పారేశారు. మొప్పలు, పేగులు, మెత్తనివన్నీ పోయాయి. తీయించిన ఫోటోల ఫిల్మ్ కూడా పాడైపోయింది.

ఉత్తరం స్మిత్‌కు జనవరి 3న చేరింది. ఆ వంకర బొమ్మ చూసి మనిషి నిలువునా వణికిపోయాడు. వెంటనే టెలిగ్రాం ఇచ్చాడు: అతి ముఖ్యం, అస్థిపంజరమూ మొప్పలూ భద్రపరచండి అని.

బుజ్జీ, ఆ టెలిగ్రాం చేతిలో పట్టుకున్న ఆవిడను ఒక్కసారి ఊహించుకో. భద్రపరచమన్నవి చెత్తలో పోయి వారం. వెతికించింది, దొరకలేదు. ఫిబ్రవరి 16న స్మిత్ వచ్చి కళ్ళారా చూసి సీలకాంత్ అన్నాడు. దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందటే అంతరించిందని, రాళ్ళలో అచ్చులుగా తప్ప లేదని అనుకున్న జాతి. లాటిమేరియా చలుమ్నే అని పేరు పెట్టాడు, ఆవిడ పేరూ ఆ నది పేరూ కలిపి. వీడియోలు ఇక్కడ ఆగిపోతాయి, వెనక వాయిలిన్ సంగీతం వేసి.

తర్వాతి పద్నాలుగేళ్ళ సంగతి ఎవరూ చెప్పరు. లోపలి అవయవాలున్న ఇంకో చేప కోసం స్మిత్ ఆ తీరమంతా మనుషులను అడిగాడు. వంద పౌన్ల బహుమతి ప్రకటించి, ఇంగ్లీషు, ఫ్రెంచి, పోర్చుగీసు భాషల్లో కరపత్రాలు పంచాడు. 1952 డిసెంబరులో, మళ్ళీ క్రిస్మస్ ముందే, కొమొరోస్ దీవుల్లో రెండోది దొరికింది. ఎరిక్ హంట్ అనే ఓడ కెప్టెన్ కబురు పంపితే, స్మిత్ ఏకంగా ప్రధానమంత్రి మలాన్‌ను అడిగి సైనిక విమానంలో వెళ్ళాడు. మొదటి చేప మొప్పలు, పేగులు ఉండి ఉంటే, వాటిని చదవడానికి అన్నేళ్ళు ఆగాల్సిన పని లేదు.

ఇందులో తప్పు ఎవరిది? ఎవరైనా అడిగితే ఆవిడది అననివ్వను. మంచు గడ్డ లేదు, తొట్టి లేదు, చైర్మన్ మామూలు చేప అన్నాడు, అడగాల్సినవాడు ఊళ్ళో లేడు. ఆ పరిస్థితిలో ఇంకొకరైతే మొదటి రోజే రేవులోనే వదిలేసి వచ్చేవారు. కానీ అదే చోట నువ్వుంటే ఏం చెయ్యాలో చెబుతాను. దొరికిన ఫార్మలిన్ కొంచెమే అయితే, ఆ కొంచెంతో చేపనంతా తడపాలని చూడకు. లోపలివి తీయక తప్పదనుకున్నప్పుడు ప్రతి దాంట్లోంచీ వేలెడు ముక్క తీసి జాడీలో వెయ్యి. ఒక మొప్ప, పేగులో ఒక ముక్క, గుండె. పచ్చడి జాడీ అయినా చాలు. ఏది తీశావో, ఎలా ఉందో, ఏ రంగులో ఉందో ఆ పూటే రాసుకో. పెద్ద చేప దొరికితే, పొట్ట కుడివైపు కోత పెట్టి, సిరంజితో ఫార్మలిన్ కండలోకి ఎక్కించాలి. పైపైన చుట్టిన ఫార్మలిన్ లోపలికి పోదు. కుడివైపు ఎందుకంటే, ఎడమ వైపు బాగుంటే ఫోటోకూ ప్రదర్శనకూ పనికొస్తుంది. ఫార్మలిన్‌ను నేరుగా వాడకు, ఒక పాలుకు తొమ్మిది పాళ్ళు నీళ్ళు. చిటికెడు బోరాక్సు కలిపితే ఎముకలు మెత్తబడవు. గట్టిపడ్డాక కడిగి ఆల్కహాలులోకి మార్చు. ఇవి నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, మా డిపార్ట్‌మెంట్‌లో ముసలి అటెండరు ఒకాయన నేర్పాడు. ఏడో తరగతి కూడా దాటలేదాయన. ప్రొఫెసర్లు ఆయన్ను పిలిచి, ఈ పాము విషపుదేనా అని అడిగి క్లాసుకు వెళ్ళేవారు.

దాచిపెట్టడం ఎందుకని ఎవరైనా అడిగితే న్యూయార్క్ మ్యూజియం సంగతి చెప్పు. 1962లో పట్టిన ఒక సీలకాంత్‌ను అమెరికన్ మ్యూజియం ఆఫ్ నాచురల్ హిస్టరీలో ద్రవంలో ఉంచారు. 1975లో కోసి చూస్తే కడుపులో ఐదు పిల్లలు! ఆ చేప గుడ్లు పెడుతుందా, పిల్లలను కంటుందా అని అప్పటిదాకా జనం వాదించుకుంటున్నారు. జవాబు పదమూడేళ్ళుగా వాళ్ళ గదిలోనే ఉంది. మీ గదిలో ఏముందో ఎవరికి తెలుసు? ఏమీ ఉండకపోవచ్చు కూడా. సీసాల్లో అరవై కప్పలు ఉంటాయి, ప్రతి కాలేజీలోనూ అంతే. ఆ కప్పలు దొరికిన తేదీలు ఉంటే, అవి చాలు.

చైర్మన్ సంగతి మీద ఇంకో మాట. నీకూ అలాంటివారు ఎదురవుతారు. ప్రిన్సిపాల్ గారో, ఇంకే డిపార్ట్‌మెంట్ హెడ్డో గదిలోకి వచ్చి, ముక్కు మూసుకుని, "ఇదంతా ఎందుకమ్మా, ఈ గది స్మార్ట్ క్లాస్‌కి ఇచ్చేద్దాం" అంటారు. వాదనకు దిగకు. నీ నోరు నాకు తెలుసు, మీ నాన్న నోరే అది. మార్జరీ చైర్మన్‌తో పోట్లాడలేదు, చేపను పారెయ్యలేదు, తెలిసినవాడికి ఉత్తరం రాసింది. నువ్వూ కాగితం మీద రాయి. ఎన్ని సీసాలు, ఎన్ని తోళ్ళు, ఎన్ని ఎముకలు, వాటిలో ఏవి చట్టం కింద ఉన్నాయి అని లెక్క రాసి సంతకం పెట్టించుకో. అన్నట్టు ఇది ముఖ్యం. పాత మ్యూజియాల్లో చిరుత తోలు, సముద్రపు తాబేలు డిప్ప, సముద్రగుర్రాలు తప్పకుండా ఉంటాయి. 1972 వన్యప్రాణి చట్టం కింద అవి ఊరికే దగ్గర ఉంచుకోవడానికి లేదు, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ సర్టిఫికెట్ కావాలి. సముద్రగుర్రాలు 2001లో చేరాయి, అందుకని వాటి సంగతి చాలామందికి తెలియదు. కాగితాలు లేకపోతే అటవీశాఖకు మీరే ముందు రాయండి. ఆ ఉత్తరం మీద ప్రిన్సిపాల్ సంతకం ఉండాలి, నీది కాదు. కాంట్రాక్టు మనిషి మీదకు నెట్టేయడం చాలా సులువు. నిన్నలా చూడలేను.

నీ స్మిత్‌ను ఇప్పుడే వెతుక్కో, అవసరం పడ్డాక కాదు. హైదరాబాదులో జూలాజికల్ సర్వే వాళ్ళ మంచినీటి జీవుల కేంద్రం ఉంది. విశాఖలో సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేంద్రం ఉంది. ఒక రోజు వెళ్ళి, నమస్కారం పెట్టి, నేను ఫలానా, నాకేమీ తెలియదు, సీసాల ఫోటోలు పంపితే చూస్తారా అని అడుగు. సిగ్గుపడకు. స్మిత్ గారు కూడా ఉద్యోగరీత్యా కెమిస్ట్రీ చెప్పే మాస్టారే, చేపల విద్య సొంతంగా పట్టినవాడే. ఆ చేపను నిలబెట్టిన ఇద్దరికీ ఆ సబ్జెక్టులో డిగ్రీ లేదు. ఇది మాత్రం మీ నాన్నకు గట్టిగా చెప్పొచ్చు.

ఇంకోటి కూడా చెప్పు వాడికి. చేప ఆవిడ జీవితంలో రెండు నెలల పని. మ్యూజియం నలభై రెండేళ్ళు. 1931లో చేరి 1973లో రిటైరయ్యేదాకా అదే చోట, అవే బీరువాలు. ఊరి పక్షులు, మొక్కలు, గవ్వలు, అక్కడి షోసా జనం పూసల పని, తవ్వి తెచ్చిన ఎముకలు, అన్నిటికీ చీటీలు. రోడ్స్ యూనివర్సిటీ చివరికి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 2004లో, 97 ఏళ్ళ వయసులో, అదే ఊళ్ళో పోయింది. పెళ్ళి చేసుకోలేదు. ఈ ఒక్క ముక్క మీ అమ్మ దగ్గర ఎత్తకు, ఇప్పటికే నన్ను అనుమానంగా చూస్తోంది.

ఆ మొదటి సీలకాంత్ ఇప్పటికీ ఈస్ట్ లండన్ మ్యూజియంలోనే ఉంది. లోపల ఏమీ లేని చేప. రంగు పోయి గోధుమ వర్ణంలోకి మారిపోయింది. ఎప్పటికైనా చూడాలనుకున్నాను, పాస్‌పోర్టు కూడా తీసుకోలేదు. నువ్వు వెళితే వెళ్ళు, ఫోటో పంపు.

నేను అన్నీ భయపెట్టే మాటలే రాశానని నీకు కోపం రావచ్చు. ఒక మంచి మాట కూడా ఉంది. పిల్లలు వచ్చిన రోజు చూడు. మా మ్యూజియానికి పక్కనున్న స్కూలు పిల్లలు వచ్చేవారు. పెద్దవాళ్ళు చదివి ముందుకు కదిలిపోతారు. పిల్లలు సీసాకు ముక్కు ఆనించి నిలబడిపోతారు, వెనక టీచరు అరుస్తున్నా కదలరు. నత్తగుల్లను చెవికి పెట్టుకునే పిల్లకు అది ఏ నత్తో చెప్పే మనిషి ఆ గదిలో ఉండాలి. ఆ మనిషివి నువ్వైతే నాకు బాగుంటుంది.

వెళ్ళిన మొదటి వారం సీసాలు దింపకు. గట్టి అట్ట ఉన్న రిజిస్టరు ఒకటి కొనుక్కో, లూజు పేపర్లు వద్దు. బీరువాలు ఉన్నవి ఉన్నట్టు, ఏ అరలో ఏది ఎడమ నుంచి కుడికి ఎలా ఉందో రాయి. వరసలో కూడా సమాచారం ఉంటుంది. లేబుల్ పోయిన సీసా పక్కదాని లేబుల్‌తో దొరికిపోవచ్చు. ఫోన్‌తో ఫోటోలు తీసుకో, సరే, కానీ వాటి మీదే ఆధారపడకు. పేరు లేని వాటికి బొమ్మ కూడా గియ్యి. గీసేటప్పుడే కాళ్ళు లెక్కపెడతావు. నాకు బొమ్మలు రావు అత్తయ్యా అనకు. రెక్కలు ఎన్నో, ఎక్కడున్నాయో ఉంటే చాలు. గీసినవి వాట్సాప్‌లో పంపు. నాకు తెలిస్తే చెబుతాను, తెలియకపోతే ఎవరిని అడగాలో చెబుతాను. కళ్ళజోడు మార్చుకున్నాను, ఇప్పుడు బాగానే కనిపిస్తోంది.

ఉంటాను మరి,
అత్తయ్య